అత్తగారి ఊఁ

మా అత్తగారు నన్ను ఏడాదికి ఒక్క రోజే మెచ్చుకునేవారు. అదీ మాటలతో కాదు, ఊఁ కొట్టి. మిగతా రోజుల్లో నా పప్పులో ఉప్పెక్కువ, నా గుమ్మంలో దుమ్మెక్కువ, అన్నిటికన్నా నా నోరెక్కువ. నోటి సంగతి ఒప్పుకుంటాను. దుమ్ము మాత్రం నా తప్పు కాదు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న జగ్గయ్యపేటలో పొద్దున తుడిచిన గుమ్మం మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు.

ఆ ఒక్క రోజు కథల పూట జరిగే రోజు. తొంభైల్లో, మా పెద్దాడు పాకుతున్నప్పుడు మొదలైందది. రిటైరైన హెడ్మాస్టారొకాయన మా పేట గ్రంథాలయంలో రోజూ పేపరు చదువుతూ, చదివేవాళ్ళు ఎటూ తగ్గిపోతున్నారు, చెప్పేవాళ్ళయినా మిగలాలి అని నలుగురిని పోగేశారు. ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం. ఒక ఏడాది మా గ్రంథాలయం వరండాలో, ఆ పై ఏడాది నందిగామలో ఒక బడి హాల్లో. ఎవరైనా చెప్పొచ్చు. బస్సు కండక్టరు చెప్పాడు, కోర్టు గుమాస్తా చెప్పాడు, పాస్టరమ్మగారు చెప్పారు. చిన్న ప్రైవేటు బళ్ళో ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించే నేనూ చెప్పాను.

మాస్టారు పెట్టిన షరతు ఒకటే. కథ చెప్పేవాళ్ళు ఊఁ కొట్టే మనిషిని వెంట తెచ్చుకోవాలి. చెప్పేవాళ్ళ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసేవారు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే కథ మొదలుపెట్టనిచ్చేవారు కాదు. "ఊఁ లేని కథ గోడకి చెప్పినట్టేనమ్మా. గోడకి చెప్పేదానికి ఇంతమందిని పిలవడం దేనికి?" అనేవారు.

మొదటి ఏడు నాకు ఊఁ కొట్టడానికి మా ఆయన కూర్చున్నారు. రెండు ఊఁలు కొట్టి మూడోదానికి కునుకు తీశారు. జనం నవ్వుతున్నారు, నాకు తలకొట్టేసినట్టయింది. అప్పుడు ముందు వరసలోంచి అత్తగారు లేచి వచ్చి కొడుకు భుజం తట్టి, "లేవరా, నిన్ను కూర్చోబెట్టడం దాని తప్పు" అని ఆ కుర్చీలో ఆవిడ కూర్చున్నారు. కొంగు సర్దుకుని, నావైపు పూర్తిగా తిరిగి, "ఊఁ, కానీ" అన్నారు.

ఆ రోజు నేనెలా చెప్పానో నాకే తెలీదు. ఇంట్లో నా మాట సగంలో ఉండగానే లేచిపోయే మనిషి, కన్నార్పకుండా నా మొహంలోకి చూస్తూ వింటున్నారు. ఆవిడ ఊఁలు ఒక్కలాంటివి కావు. మొదట్లో పొట్టిగా, సరే చూద్దాం అన్నట్టుంటుంది. కథ ఊపందుకుంటే సాగుతుంది. భయం వచ్చే చోట లోపలికి పీల్చి కొడతారు. నేను మరీ కోతలు కోస్తే ముక్కుతో ఒకటి కొడతారు, నేను వెంటనే తగ్గుతాను. కథ నాదే అయినా పగ్గం ఆవిడ చేతిలో ఉండేది.

నాలుగైదేళ్ళకి ముగింపు కథ నాదైపోయింది. అందరూ చెప్పాక, కాఫీలు తాగాక, ఇళ్ళకి లేవబోయే ముందు చెప్పే కథ. "ముగింపు మా జగ్గయ్యపేట టీచరమ్మది" అని మాస్టారు మైకులో చెప్పినప్పుడు నా జాకెట్టు బిగుతైపోయేది. అత్తగారూ నేనూ పక్కపక్కన నడుచుకుంటూ ముందుకి వెళ్ళేవాళ్ళం. ఇంటికొచ్చాక మళ్ళీ పప్పులో ఉప్పు సంగతి మామూలే.

అలా సుఖంగా సాగుతుండగా మా మరిదికి పెళ్ళయింది.

మా తోడికోడలిది చెవిటికల్లు. కంప్యూటర్లు చదివింది. నందిగామలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది, మా మరిదీ అక్కడే. సన్నగా, నెమ్మదిగా, ఎవరేమన్నా "అవునక్కా" అంటూ ఉంటుంది. పేరు పెట్టడానికి వీల్లేని మనిషి మీద ఏడవడం చాలా కష్టమైన పని. నేను ఆ కష్టం పడ్డాను. తనూ కథల పూటకి వచ్చి చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మగారు ఊఁ కొట్టేవారు. చిన్నది కథలు అప్పచెప్పినట్టు చెప్పేది, వాళ్ళమ్మ నిద్రలో దోమని తోలినట్టు ఊఁ కొట్టేది. నాకు ప్రాణం హాయిగా ఉండేది. "బాగా చెప్పావమ్మా" అని నేనే ముందుగా వెళ్ళి మెచ్చుకునేదాన్ని. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు, ఈ కొమ్ములకి వాడి లేదులే అనుకున్నాను.

రెండువేలు దాటి కొన్నేళ్ళకి కథల పూట పల్చబడింది. మా గ్రంథాలయం పైకప్పు పెచ్చులూడి వరండాలో ఎవర్నీ కూర్చోనివ్వడం మానేశారు. నందిగామ బడివాళ్ళు హాలుని కూడా తరగతి గది చేసుకున్నారు. చిన్నప్పుడు మా ముందు చాప మీద కూర్చుని కథలు విన్న పిల్లలు హైదరాబాదులో, మద్రాసులో ఉద్యోగాలు చేస్తూ, రావాలనుందండీ, సెలవు లేదండీ అని మాస్టారికి ఫోన్లు చేసేవాళ్ళు. ఈసారి ఇక వద్దులేమ్మా అన్నారు మాస్టారు. నాకు గుండెల్లో రాయి పడింది. ముగింపు కథ అప్పటికే తయారుగా ఉంది.

అప్పుడు మా తోడికోడలు నెమ్మదిగా అంది. "నెట్‌లో పెడదాం మాస్టారూ. అందరం ఒక వాయిస్ రూమ్‌లో కలుద్దాం. ఎక్కడివాళ్ళు అక్కణ్ణుంచే చెప్పొచ్చు. నేను చూసుకుంటా."

మాస్టారి మొహం వెలిగిపోయింది. నా మొహం సంగతి ఎవరూ చూడలేదు. నాలుగు ఆదివారాలు, రోజుకి కొన్ని కథలు, ఆఖరి ఆదివారం ఆఖరున నా ముగింపు కథ అని చిన్నదే వరస రాసింది. అన్నీ రికార్డు చేసి ఒక సైట్‌లో పెడతానంది. ఇన్నేళ్ళు నేను నెత్తిన పెట్టుకున్న పండగ, ఒక్క మాటతో నందిగామలో దాని టేబుల్ మీదకి వెళ్ళి కూర్చుంది.

పుండు మీద కారం చల్లినట్టు, సరిగ్గా ఆ వారమే అత్తగారు నందిగామ వెళ్ళారు. ఏడాదంతా ఉండేది మా ఇంట్లో. కొత్త ఆవకాయ పెట్టడానికి మాత్రం చిన్నకొడుకు ఇంటికి వెళతారు. "చిన్నదానికి పాళ్ళు తెలీవే. పది రోజుల్లో వచ్చేస్తా" అని సంచీ సర్దుకున్నారు.

"మరి మొదటి ఆదివారం నా చిన్న కథ ఒకటుంది గదా అత్తయ్యా? ఊఁ ఎవరు కొడతారు?"

"అందరూ వింటారంటగా, ఎవరో ఒకరు కొడతార్లే. ఊఁకి కూడా కరువా?" అన్నారు.

మా ఇంట్లో కంప్యూటర్ లేదు. మొదటి ఆదివారం బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్ళాను. ప్లైవుడ్ గదులు, గదికో ఫ్యాను, చిరిగిన స్పాంజితో హెడ్‌ఫోన్లు. సెంటరాయన చిన్నదానితో ఫోన్లో మాట్లాడి నన్ను రూమ్‌లోకి పంపించాడు. తెర మీద అందరి పేర్లూ వరసగా కనిపిస్తున్నాయి. "మాట్లాడాలంటే ఈ బటన్ నొక్కి పట్టుకోవాలండీ. వదిలేస్తే వరసలో తర్వాతోళ్ళకి మైకెళ్ళిపోద్ది" అని చెప్పాడు. విన్నాను. సరేనన్నాను కూడా.

ముందు మా తోడికోడలు చెప్పింది. హెడ్‌ఫోన్‌లో దాని గొంతు చెవిలో కూర్చుని మాట్లాడుతున్నట్టు స్పష్టంగా ఉంది. ఒక వాక్యం చెప్పి ఆగింది. ఆగగానే వినిపించింది.

"ఊఁ."

నా ఊఁ. అత్తగారిది. పొట్టిగా, సరే చూద్దాం అన్నట్టుగా. ఒకే మైకు ముందు ఇద్దరూ కూర్చున్నారు. ఆ తర్వాత ఊఁ కొంచెం సాగింది. ఆ తర్వాతది ఇంకొంచెం. ఎప్పుడూ అప్పచెప్పినట్టు చెప్పే పిల్ల ఆ ఊఁ చెయ్యి పట్టుకుని చక్కగా నడుస్తోంది. నా ఒళ్ళు భగ్గున మండింది. ఆవకాయ పాళ్ళు తెలీవట! ఆవకాయకి పిలిచి ఊఁ కొట్టించుకుంటోంది.

తర్వాత నా వంతు. "అనగనగా మన వేదాద్రి దారిలో ఒక సున్నపు బట్టీ" అని మొదలుపెట్టి ఆగాను. ఇన్నేళ్ళ అలవాటు. వాక్యం అవగానే పక్కకి తిరిగి ఊఁ కోసం చూస్తాను. పక్కన ప్లైవుడ్ గోడ ఉంది. ఊఁ అవతల్నుంచి రావాలి గదా, నేను మైకు పట్టుకుని ఉంటే ఎలా వస్తుంది అనిపించి బటన్ వదిలాను.

ఊఁ రాలేదు. "హలో, అందరికీ నమస్తే, నేను హైదరాబాద్ నుంచి" అని ఒక మగగొంతు వచ్చింది. వరసలో నా తర్వాతివాడు, ఒకప్పుడు మా బళ్ళో చీమిడి ముక్కుతో తిరిగినవాడే. నా కథ అంతే అనుకున్నాడు పాపం. వాడి కథ మొదలెట్టేశాడు. నేను బటన్ ఎంత నొక్కినా మైకు రాదు. సున్నపు బట్టీ దగ్గర దిక్కులేకుండా నిలబడిపోయాను. ఇంతలో తెర మీద మా తోడికోడలు రాసిన ముక్క కనిపించింది. "అక్కా, బటన్ వదలొద్దు." దాని పక్కన పసుపు రంగులో నవ్వుతున్న గుండ్రటి మొహం.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చాను అంటారు. మా అమ్మ ఆ సామెత చెప్పినప్పుడల్లా ఇంత చిన్నదానికి ఏడుపేమిటి అనుకునేదాన్ని. ఆ పసుపు మొహం చూశాక తెలిసింది. హెడ్‌ఫోన్ పీకి బల్ల మీద పడేసి ఇంటికొచ్చాను. ఫోన్ చేసి, ఆ సగం ముక్క సైట్‌లో పెట్టావంటే ఊరుకోనని చెప్పాను. "ఉంచుదామక్కా, మళ్ళీ మొత్తం చెబుదువు గానీ" అంది. వద్దంటే వద్దన్నాను. తీసేసింది.

పది రోజులైనా అత్తగారు రాలేదు. రెండో ఆదివారం, మూడో ఆదివారం ఎవరో చెబితే ఎవరో విన్నారు, నేను ఆ ఛాయలకే వెళ్ళలేదు. వెళ్ళలేదని అందరికీ చెప్పాను. నిజానికి మూడో సోమవారం నెట్ సెంటర్‌లో కూర్చుని, సైట్‌లో ఉన్న చిన్నదాని కథ విన్నాను. కథ కోసం కాదు, ఊఁల కోసం. నాకు కొట్టినట్టే కొట్టారా, ఇంకా బాగా కొట్టారా అని. ఒక చోట ఆవిడ ఊఁ కొడుతూ చిన్నగా నవ్వారు. నాకెప్పుడూ నవ్వలేదు. ఆ నవ్వు దగ్గర ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. ఆ పని ఎన్నిసార్లు చేశానో చెప్పను.

ఆ వారంలోనే నందిగామ బస్సెక్కాను. చిల్లకల్లు దాటేదాకా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. వెళ్ళేసరికి అత్తగారు చిన్నదాని కుషన్ కుర్చీలో కూర్చుని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరిదో కథ వింటున్నారు. పక్కన టీ కప్పు. మా ఇంట్లో ఆవిడకి స్టీలు గ్లాసే.

"మీ పెద్దబ్బాయికి మీ చేతి ఆవకాయ కావాలంట. తీసుకెళదామని వచ్చా" అన్నాను.

అత్తగారు హెడ్‌ఫోన్లు తీసి నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "ఆవకాయ కోసం వచ్చావా, ఊఁ కోసం వచ్చావా?"

"మీరెట్లా అనుకుంటే అట్లా."

"చెప్పు మరి. నోరుందిగా."

"రండి అత్తయ్యా. ఇంటికి రండి" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు సున్నపు బట్టీలో నడిచినంత పనైంది. ఆవిడ ఇంకేమీ అనకుండా లేచి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టారు.

చిన్నది వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "అక్కా, ఆఖరి ఆదివారం నాకూ కథ ఉంది. నీకు ముందు" అంది.

"ఉంటే చెప్పు. నేనేమైనా వద్దన్నానా?"

"అమ్మకి ఒంట్లో బాలేదు. అత్తయ్య ఉంటారు గదా అని..."

"ఎవరో ఒకరు కొడతార్లే. ఊఁకి కూడా కరువా?" అన్నాను. అత్తగారి మాట అత్తగారి ముందే వాడాను. ఆవిడ చీర మడతపెడుతూ ఒక్కసారి తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు. చిన్నది "అవునక్కా" అని జాడీకి గుడ్డ కట్టి నా చేతికిచ్చింది. జాడీ, అత్తగారు, ఇద్దరితో గెలిచినదానిలా బస్సెక్కాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా సొమ్ము అది వాడుకుంది, తెచ్చుకున్నాను, అంతే అనుకున్నాను.

ఆఖరి ఆదివారం పొద్దున్నే అత్తగారికి తలంటి పోసి, ఇస్త్రీ చీర కట్టించి నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. సెంటరాయన ముందే చెప్పాడు. "పన్నెండింటికి కరెంటు తీసేస్తాడండీ. బ్యాటరీ పాడై కూర్చుంది. ఆలోపు అయిపోద్దిగా?"

అయిపోతుందన్నాను. లెక్క చూసుకుంటే సరిపోతుంది. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే చిన్నది గబగబా అప్పచెప్పేసి దిగిపోతుంది, ఆ పైన బోలెడు సమయం నాది. ఇది పైకి చెప్పలేదు, కానీ మనసులో ఉన్నది అదే.

గదిలో ఒక్క హెడ్‌ఫోనే ఉంది. ఒక చెవి నాకు, ఒక చెవి అత్తగారికి పెట్టుకుని, తలకి తల ఆనించి కూర్చున్నాం. ఆవిడ జుట్టులోంచి కుంకుడుకాయ వాసన వస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో మేమిద్దరం అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు. కోర్టు గుమాస్తాగారు చెప్పిందే చెబుతూ సాగదీశారు. గడియారం పదకొండున్నర దాటింది. ఆయన దిగాక మా తోడికోడలి వంతు. దాని తర్వాత వరసలో నా పేరొక్కటే ఉంది.

"మా చెవిటికల్లులో ఒక ముసలామెకి ఒక మేక ఉండేదంట" అని మొదలుపెట్టింది చిన్నది. గొంతు పొడిగా ఉంది. ఆగకుండా చెప్పుకుపోతోంది. మేక కృష్ణలో నీళ్ళు తక్కువున్నప్పుడు లంక మీదికి మేతకి పోయింది. పైనుంచి నీళ్ళొచ్చాయి. మేక లంకలో చిక్కుకుంది. పడవ వెయ్యడానికి వీల్లేనంత ఉధృతం. నేను అనుకున్నట్టే కథ పరిగెడుతోంది. నాకు హాయిగా ఉంది.

"ముసలామె సాయంత్రం గట్టు మీదికొచ్చి మేకని పిలిచింది. అవతల్నుంచి మేక పలికింది" అని చెప్పి చిన్నది ఆగింది.

నేను చేసిన తప్పే చేసింది. మూడు వారాలు పక్కన ఊఁ కొట్టే మనిషి ఉండి ఉండి, ఊఁ కోసం ఆగి, బటన్ వదిలేసింది. నేను పడ్డ గోతిలోనే పడింది. మైకు నాకొచ్చింది. నేను ఠక్కున బటన్ నొక్కాను. అనగనగా అన్న మాట నాలుక చివర ఉంది. అన్నానంటే ముగింపు కథ మొదలైపోతుంది, దాని మేక లంకలోనే ఉండిపోతుంది, నా సున్నపు బట్టీకి సరిపోయిన జతవుతుంది.

నేను నోరు తెరిచేలోపు నా చెవి పక్కన అత్తగారు కొట్టేశారు.

"ఊఁ."

నేను నొక్కిన బటన్ మీదుగా ఆ ఊఁ నందిగామ వెళ్ళిపోయింది. బటన్ మీద నా వేలు అలాగే ఉంది. అత్తగారు నావైపు తిరిగారు. ఒకే హెడ్‌ఫోన్ కాబట్టి ఆవిడ తిరిగితే నా తలా తిరిగింది.

"వదలవే. చెప్పనీ దాన్ని" అన్నారు.

గోడ మీద గడియారం చూశాను. వరసలో ఇంకెవరూ లేరు, నేను వదిలితే మైకు మళ్ళీ దానికే. ఇలా నాకూ దానికీ మధ్య తిరుగుతుంటే కథ నిదానమవుతుంది. నిదానమైతే కరెంటు నా కథని తినేస్తుంది. ముగింపు నాది. ఇన్నేళ్ళుగా నాది. ఇవన్నీ ఆ కాసేపట్లోనే ఆలోచించాను. ఆలోచించి, వదిలాను. మంచితనంతో వదిలానని మాత్రం అనుకోకండి. అత్తగారు నన్ను కథ చెప్పేటప్పుడు చూసినట్టు చూస్తున్నారు, ఆ చూపు ముందు నాకు వేలు ఆగలేదు.

ఆ ఊఁ ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరి వేలు మీదుగా వచ్చిందో చిన్నదానికి తెలుసు. తర్వాత మొదలుపెట్టిన గొంతు వేరు. పొడితనం పోయింది.

"రోజూ సాయంత్రం గట్టు మీదికొచ్చేదంట. పిలిచేదంట. అది పలికేదంట. ఊళ్ళో నవ్వేవాళ్ళు, మేకతో మాట్లాడే ముసలిదని. నవ్వినా మానలా."

వదిలింది. నేను నొక్కాను. "ఊఁ" అన్నారు అత్తగారు, సాగదీసి. నేను వదిలాను. అలా ముగ్గురం ఆ కథని నడిపించాం. నా కడుపు మండుతూనే ఉంది, నా వేలు దాని పని అది చేస్తూనే ఉంది. కాసేపటికి అత్తగారు నోరు తెరవకముందే ఎక్కడ ఊఁ పడుతుందో నాకు తెలిసిపోతోంది.

"ఆ రోజు కూడా వచ్చింది. పిలిచింది. మేక పలకలా. గాలి ఎదురుగా ఉందేమోలే అని ఇంకాస్త దిగువకెళ్ళి పిలిచింది. పలకలా. నీళ్ళ అంచుదాకా దిగి, రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని పిలిచింది."

వదిలింది. నేను నొక్కాను.

అత్తగారు కొట్టలేదు. ఓరగా చూశాను. నోరు కొంచెం తెరుచుకుని, తెర వైపు చూస్తూ ఉండిపోయారు. కథ వింటూ ఊఁ కొట్టడం మర్చిపోయిన అత్తగారిని నేను అప్పటిదాకా చూడలేదు. నా కథలకి ఎన్నడూ మర్చిపోలేదు. ఇటు మైకు ఖాళీగా ఉంది. అటు ముసలామె నీళ్ళలో నిలబడి ఉంది. మేక పలకడం లేదు. నందిగామలో చిన్నది ఎదురుచూస్తోంది.

"ఊఁ" అన్నాను.

నేననలేదు, నా నోరు అంది. లోపలికి పీల్చి కొట్టాను, భయం వచ్చే చోట అత్తగారు కొట్టినట్టు. అత్తగారు ఉలిక్కిపడి నావైపు చూశారు. నేను బటన్ వదిలేసి తెర వైపు చూశాను.

"రాత్రంతా ఇంట్లో కూర్చుని, తెల్లారీ తెల్లారకముందే మళ్ళీ గట్టు మీదికొచ్చి పిలిచింది. ఈసారి పలికింది. ఒకటి కాదు. రెండు గొంతులు పలికినయ్యంట. ఒకటి పెద్దది, ఒకటి ఇంతే ఇంతది." చిన్నది కాస్త ఆగి, "మేక ఈనింది. కథ కంచికి" అంది. తర్వాత, "ఇప్పుడు ముగింపు కథ మా అక్కది" అంది.

నేను బటన్ నొక్కాను. "అనగనగా" అన్నాను. నెత్తి మీద ఫ్యాను నెమ్మదించి, ఆగిపోయింది. తెర నల్లగా అయింది. ప్లైవుడ్ అవతల్నుంచి "అయిపోయిందండీ, మళ్ళీ రెండింటికే" అన్నాడు సెంటరాయన.

ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే ఎండ మాడ్చేస్తోంది. అత్తగారు నా గొడుగు కిందికి జరిగి, "బాగా చెప్పింది చిన్నది" అన్నారు. నేను గొడుగు ఆవిడ వైపు వంచాను. "నువ్వూ బాగా కొట్టావు" అన్నారు. మెచ్చుకోవాల్సింది అందుకు కాదు గదా.

సాయంత్రం చిన్నది ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం నా కథ ఒక్కటే పెడదామంది. పెళ్ళయ్యాక బాజాలెందుకులే అన్నాను. ఫోన్ పెట్టెయ్యకుండా అటూ ఇటూ ఏదో మాట్లాడి, చివరికి అడిగింది.

"అక్కా, ఒకచోట అత్తయ్య గొంతు మారినట్టుందేంటి?"

"జలుబు చేసింది" అన్నాను.

"అవునా" అంది. "ఆ జలుబు దగ్గరే నాకు ఏడుపొచ్చిందక్కా. ఇక్కడ ఒక్కదాన్నే కూర్చుని చెబుతున్నా గదా."

ఆవిడకి కషాయం పెట్టాలి అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ ఏడాది కథలన్నీ సైట్‌లోకి ఎక్కాయి. కోర్టు గుమాస్తాగారి సాగదీత కూడా ఎక్కింది. నా సున్నపు బట్టీ ముక్క నేనే తీయించేశాను. ముగింపు కథ కరెంటు తినేసింది. నాలుగు ఆదివారాల రికార్డుల్లో వెతికితే నాదంటూ దొరికేది ఆ ఒక్క ఊఁ. అదీ దాని కథలోనే ఉంది.